చుట్టాల నీళ్ళు

పలాస వెళ్తున్నానని నోరు జారడం నాదే తప్పు. కాకినాడలో మా వీధిలో ఆరిళ్ళవాళ్ళు ఆరు సంచులు పట్టుకొచ్చి, ఒకరు కిలో, ఒకరు రెండు కిలోలు జీడిపప్పు తెమ్మని మీద పడ్డారు. నేను వెళ్ళేది ఒక కాగితం చూడ్డానికండీ అంటే ఒక్కరు నమ్మితే ఒట్టు. ముప్పై ఏళ్ళు కోర్టులో స్టెనోగా చేసినదాన్ని, ఎక్కడికి వెళ్ళినా నా కంటికి కాగితమే ముందు కనిపిస్తుంది, ఏం చెయ్యను.

ఇంకో సంగతి ఉంది, అది వాళ్ళకి చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో మేం పూండిలో ఒక ఏడాది కాపురం చేశాం. మావారు అక్కడ అసిస్టెంటు స్టేషను మాస్టరు. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగామో, ఎన్ని క్వార్టర్లు మారామో లెక్కలేదు గాని, మేమిద్దరం నిజంగా నవ్వుకున్నది ఆ ఒక్క ఏడాదే. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ అటు వెళ్ళే రైలు చూస్తే చాలు, వెళ్ళాలనీ ఉండేది, వెళ్ళడానికి భయమూ వేసేది. పని అనే వంక దొరికితే వెళ్ళగలననిపించింది.

ఆ పని ఏమిటంటే, రిటైరయ్యాక నేనూ మరో ఎనిమిదిమందీ కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నాం. సమాచార హక్కు చట్టం అప్పుడప్పుడే వాడుకలోకి వస్తున్న రోజులు. అడిగినవాళ్ళకి అర్జీలు రాసిపెడతాం, ఆఫీసుకి తోడు వెళ్తాం, వచ్చిన జవాబు చదివి చెబుతాం. కాశీబుగ్గలో ఇలాంటి సంఘమే నడిపే ఢిల్లీశ్వరరావు మాకు ఉత్తరం రాశాడు. వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో కిడ్నీ జబ్బుతో మనుషులు ఒకరి వెనక ఒకరు పోతున్నారు. కారణం నీళ్ళో మరొకటో ఇంకా ఎవరూ తేల్చలేదు. ఊళ్ళోవాళ్ళేమో మా బోరు నీళ్ళు బాగోలేవు, వేరే చోటి నుంచి గొట్టాల్లో నీళ్ళివ్వండి అని అడుగుతున్నారు. ఆఫీసువాళ్ళేమో మీ బోరు నీళ్ళు రెండేళ్ళ కిందటే పరీక్ష చేయించాం, శుభ్రంగా ఉన్నాయి అంటున్నారు. ఆ కాగితం ఉన్నంతకాలం ఆ ఊరు గొట్టాల నీళ్ళ పథకంలోకి రాదు. అందుకని దాలమ్మ అనే ఆవిడ పేరున అర్జీ పెడితే, వచ్చి ఫైలు చూసుకోండని జవాబొచ్చింది. ఫైలు చదవడం వచ్చిన మనిషి ఒకరు కావాలని ఆయన అడిగాడు. ఆ ఊరి పేరు నేను రాయడం లేదు, అక్కడివాళ్ళు వద్దన్నారు.

కాశీబుగ్గ: కుట్టుమిషను పక్కన

మార్చి నెల మొదట్లో వెళ్ళాను. పలాసలో రైలు దిగగానే వచ్చే వాసన ఒకటుంది, జీడిగింజలు కాల్చే వాసన. మొదటి గంట ఘాటుగా ఉంటుంది, రెండో గంటకి ఆకలి పుట్టిస్తుంది. పలాసకీ కాశీబుగ్గకీ మధ్య హద్దెక్కడో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియలేదు. రోడ్డు పక్కన షెడ్లలో ఆడవాళ్ళు గింజలు కొట్టి పప్పు తీస్తున్నారు. వాళ్ళ వేళ్ళ కొసలు జీడిరసానికి నల్లగా కమిలిపోయి ఉన్నాయి. ఒకావిడ నన్ను చూసి ముక్కలు ఓ గుప్పెడు చేతిలో పోసి, తినమంది. మా ఊళ్ళో కొట్టువాడు రుచికి ఒక్క పలుకు ఇవ్వడానికి ప్రాణం పోయినట్టు చూస్తాడు.

ఢిల్లీశ్వరరావుది దర్జీ కొట్టు. యాభై దాటిన మనిషి, సన్నగా, మెడలో టేపు. ఆ కొట్టే సంఘం ఆఫీసు. కుట్టిన జాకెట్లు ఒక తీగకి, అర్జీలు ఇంకో తీగకి వేలాడుతున్నాయి. ప్రతి అర్జీకీ గుండుసూదితో ఒక గుడ్డముక్క గుచ్చి ఉంది. ఇదేమిటని అడిగాను. అర్జీ పెట్టేవాళ్ళలో చాలామందికి చదువు రాదు, నంబరు చెబితే గుర్తుండదు, అందుకని జాకెట్లకి చేసినట్టే ఒక ముక్క కత్తిరించి సగం కాగితానికి, సగం మనిషికి అన్నాడు. ఆ ముక్క పట్టుకొస్తే చాలు, ఎవరి అర్జీ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేస్తాడు. దాలమ్మది ఆకుపచ్చ గుడ్డ, ఎర్ర చుక్కలు. తొమ్మిదిమంది చదువుకున్నవాళ్ళం కలిసి మూడు రిజిస్టర్లు పెట్టి, మూడూ ఎక్కడున్నాయో వెతుక్కునే మా సంఘం గుర్తొచ్చి సిగ్గేసింది.

అర్జీకి మండలాఫీసులో అయిదు రూపాయలు, పై ఆఫీసులో పది. ఊళ్ళో పంచాయతీలో అడిగితే అదీ అక్కర్లేదు. వాళ్ళ కొట్లో టీ రెండు రూపాయలు. మా వైపు మూడు, అదీ ఇందులో సగం గ్లాసు. నేను వస్తూనే ఫైలు సంగతి ఎత్తితే ఆయన నవ్వాడు.

"ముందు టీ తాగండి మేడమ్. ఇరవయ్యేళ్ళుగా అడుగుతన్నాం, అరగంటలో ఏటీ కొంపలు మునిగిపోవు."

మధ్యాహ్నం ఆయన భార్య పచ్చి జీడిపప్పు కూర, రాగిజావలాంటి చోడి అంబలి పెట్టింది. పచ్చి జీడిపప్పు ఆ నెలల్లోనే దొరుకుతుంది. పూండిలో మావారు దాన్ని వట్టి కూరే గిన్నెతో తినేసేవారు. నేను అన్నం కలపకుండా కూర తింటుంటే ఆవిడ వింతగా చూసింది.

టెక్కలి: బీరువా తాళం

మర్నాడు బస్సులో టెక్కలి. ఆఫీసు పేరు రాయను. పదిన్నరకి వెళ్ళాం. బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడన్నారు. అలాంటి తాళాలు నా సర్వీసులో చాలా చూశాను. ఆయన వచ్చేదాకా కూర్చుంటామని చెప్పి నేను సంచిలోంచి ఊలు తీసి అల్లుకోవడం మొదలుపెట్టాను. పన్నెండింటికల్లా తాళం ఇంకో సొరుగులో దొరికింది. గుమస్తా మంచివాడే పాపం, ఫైలుతో పాటు ఫ్యాను కింద కుర్చీ కూడా ఇచ్చాడు. ఇంతకు ముందు ఎవరూ ఇలా వచ్చి కూర్చుని చూడలేదట.

ఫైలు పలచగా ఉంది. పరీక్ష కాగితంలో తప్పేమీ లేదు. కింద నమూనా తీసిన చీటీ ఉంది. నీళ్ళు తీసిన చోటు: బడి పక్కన ఊరి బోరు. తీసినవారు: అప్పటి ఉద్యోగి సంతకం. సాక్షి: ఒక వేలిముద్ర. పక్కన పేరు రాసి ఉంది, దాలమ్మ.

నేను రెండుసార్లు చదివాను. అర్జీ పెట్టింది దాలమ్మ. ఆ బోరు నీళ్ళే తీశారు అని సాక్ష్యం చెప్పిందీ దాలమ్మే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈవిడ మనతో ఆడుకుంటోందా, అప్పుడేదో పుచ్చుకుని వేలు వేసి ఇప్పుడు ప్లేటు ఫిరాయించిందా అని ఢిల్లీశ్వరరావుని అక్కడే అడిగేశాను. ఆయన మెడలో టేపు లేకపోయినా దాన్ని సర్దుకుంటున్నట్టు మెడ తడుముకున్నాడు. దాలమ్మని తను పదిహేనేళ్ళుగా ఎరుగుదునన్నాడు. ఆవిడ భర్త కిందటేడు ఆ జబ్బుతోనే పోయాడన్నాడు.

నకలు తీయించుకుని బయటికొచ్చాం. బస్టాండులో పుచ్చకాయ ముక్కలు తింటూ కూడా నేను మొగుడు పోయినంత మాత్రాన మనిషి అబద్ధమాడదా అని వాదిస్తూనే ఉన్నాను. కోర్టులో అందరూ ఆడతారు, నేను టైపు కొట్టాను కదా.

పూండి

మూడో రోజు పొద్దున్నే పాసింజరులో పూండి దిగాం. ఊరికి ఆటో మాట్లాడి వస్తానని ఢిల్లీశ్వరరావు వెళ్ళాడు. నాకు కొంచెంసేపు ఒంటరిగా ఉండాలని ఉందని ఆయనకి ఎలా తెలిసిందో.

మా క్వార్టరు ఉన్నచోట ఏదో సామాను కొట్టు లేచింది. వేపచెట్టు లేదు. బావి గట్టు లేదు. ప్లాట్‌ఫారం మీద ఆయన నిలబడే చోట ఇప్పుడు సిమెంటు బల్ల ఉంది. నేను దాని మీద కూర్చున్నాను. ఏడవను అనుకున్నాను గాని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు కూడా బంధువులూ పనులూ వచ్చేపోయేవాళ్ళూ, ఇలా కూర్చుని ఏడవడానికి వీలు కాలేదు. ముప్పై అయిదేళ్ళ కిందటి ఉదయాలు కావాలనిపించింది, అంతే. ఇంకేం వద్దు, ఒక్క ఉదయం చాలు అనిపించింది.

ఆ రోజుల్లో ఒకావిడ రోజూ తెల్లవారాక రాగి బిందెతో మంచినీళ్ళు తెచ్చిపోసేది. ఎంత తియ్యటి నీళ్ళో. ఆయన డ్యూటీ దిగొచ్చి చెంబెత్తి గటగటా తాగి, సుభద్రా, బదిలీ వస్తే ఈ బిందె పట్టుకుని పారిపోదాం అనేవారు. ఈ తీరపు ఊళ్ళనన్నిటినీ కలిపి ఉద్దానం అంటారు, ఉద్దానం అంటే కొబ్బరిచెట్లూ, పనసచెట్లూ, ఆ నీళ్ళూ అని నా మనసులో ఉండిపోయింది. ఇక్కడి నీళ్ళు బాగోలేవు అని ఎవరన్నా అంటే లోపల నాకు నమ్మకం కుదిరేది కాదు. అందుకే కాబోలు, టెక్కలిలో అంత తొందరగా దాలమ్మని అనుమానించాను.

దాలమ్మ ఇంట్లో

ఆటో ఇసుకదారిలో రెండుసార్లు దిగబడింది. రెండోసారి నేను దిగి తోశాను, చెప్పులోకి ఏదో ముల్లు దిగింది. కుంటుకుంటూనే ఆ ఊళ్ళో అడుగుపెట్టాను. పూతకొచ్చిన జీడితోటలూ, వాటి నడుమ కొబ్బరిచెట్లూ, ఆ వెనకాల ఎక్కడో సముద్రపు హోరు. ఇంత చల్లటి నీడలో ఇంతమందికి జబ్బేమిటి అనిపిస్తుంది ఎవరికైనా. వీధి అరుగుల మీద కాళ్ళు వాచి కూర్చున్న మగవాళ్ళు ముగ్గురు కనిపించారు. పలకరిస్తే నవ్వారు.

దాలమ్మది ఊరి మొదట్లోనే ఇల్లు. నా ఈడు మనిషి, కొంచెం చిన్నదేమో. నడుముకి చీర బిగించి ఉంది, కొంగున ఆకుపచ్చ గుడ్డముక్క ముడేసి ఉంది. నేను మొహం ముడుచుకునే ఉన్నాను. ఆవిడ అదేం చూడకుండా నా కాలు పట్టుకుని ముల్లు తీసింది. పీట వేసింది. మూలనున్న ఇత్తడి బిందెలోంచి గ్లాసుతో నీళ్ళిచ్చింది.

ఒక్క గుక్క తాగేసరికి నాకు పూండి వచ్చేసింది. అవే నీళ్ళు. ముప్పై అయిదేళ్ళ తర్వాత అదే తియ్యదనం. గ్లాసంతా తాగి, ఇంకోటి అడిగి తాగాను. తాగాక కోపం రెట్టింపయింది. ఇంత మంచి నీళ్ళు పెట్టుకుని, బాగోలేవని ఊరంతా అర్జీలేమిటమ్మా అని అడిగేశాను.

ఆవిడ నవ్వింది. "ఇవి బోరింగు నీల్లు కావమ్మా. సుట్టాల నీల్లు."

సముద్రం వైపు తోటల్లో, రెండు మైళ్ళ ఇసుకలో ఒక ఊటబావి ఉందట. తెల్లారేసరికి ఊరేది కొంచెమే. వంతులేసుకుని ఇంటికో బిందె తెచ్చుకుంటారు. ఆ బిందె ఇంట్లోవాళ్ళు ముట్టరు. గుమ్మం తొక్కిన చుట్టానికి ఆ నీళ్ళే ఇవ్వాలి, బోరు నీళ్ళిస్తే ఇంటిని తక్కువచేసినట్టు. పూండి స్టేషనువాళ్ళకి కూడా వాళ్ళ ఊరివాళ్ళే మోసేవారట. మీరూ సుట్టాలే గదా అంది. మా కాకినాడలో చుట్టాలొస్తే ఫ్రిజ్‌లోంచి సీసా తీస్తాం, మేం తాగే నీళ్ళే, కాస్త చల్లగా. ఏడాది పొడుగునా నన్నూ మావారినీ చుట్టాల్లా చూసుకుంటూ, తాము ఇంకేదో తాగిన మనుషులు వీళ్ళు.

అయినా ముప్పై ఏళ్ళ అలవాటు ఊరుకోదు. సంచిలోంచి నకలు తీసి, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగాను. తనదే, అప్పుడు జీపులో వచ్చిన బాబు వెయ్యమంటే వేశానంది. ఆ రోజు సీసాలో నీళ్ళు పట్టిందెవరు అన్నాను. నానే అంది. ఎక్కడివి పట్టావు దాలమ్మా అని అడిగాను.

ఆవిడ మూలనున్న బిందె వైపు తిరిగి చూసింది. ఢిల్లీశ్వరరావు కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

తర్వాత మెల్లగా చెప్పింది. మంచి ఎండలో జీపు వాళ్ళింటి ముందు ఆగింది. ఆ బాబు కొబ్బరిచెట్టు నీడలో కూర్చుని, సీసా ఇచ్చి, మీ ఊరి నీళ్ళు పట్టి తేమ్మా అన్నాడు. బోరు బడి దగ్గర, వంద అడుగులు కూడా లేదు. ఆయన లేవలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి, గవర్నమెంటు మనిషి, నీళ్ళడిగాడు. ఆవిడ సీసా కడిగి చుట్టాల బిందె వంచింది. బోరు నీళ్ళిస్తే మా ఊరి నీళ్ళు ఇంతేనా అనుకుంటాడని సిగ్గుపడింది కూడా. ఆ మాట దాచకుండా చెప్పింది. ఆయన చీటీ రాసుకుని, వేలు వేయించుకుని, కొబ్బరిబోండం తాగి వెళ్ళిపోయాడు. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సీసా ఆవిడకి గుర్తు రాలేదు. ఆఫీసువాళ్ళు అబద్ధం రాశారనే నమ్మి, ఆవిడే ముందుపడి అర్జీ పెట్టింది.

అంతా చెప్పి, గోడకున్న భర్త ఫొటో కేసి చూసింది.

"అయితే మా మడిసిని నానే సంపుకున్నానా, అమ్మా?"

జబ్బుకి నీళ్ళే కారణమని ఎవరూ తేల్చలేదు దాలమ్మా, ఎవరికీ తెలియదు అన్నాను. తెలీదు గదా, అది తెలవాలనే గదా అర్జీ ఎట్టినాం అంది. నేను తల దించుకున్నాను.

మర్నాడే ఈ నీళ్ళ సంగతి మీద గ్రామసభ. ఆ టెక్కలి ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఇంజనీరు వస్తాడు. నేను ఒక ఉపాయం చెప్పాను. నీ పేరు రాకుండా రాస్తాను, నమూనా బోరులోది కాదని మాకు తెలిసింది అని మాత్రం రాస్తే చాలు, రాయడం నా చేతిలో పని అన్నాను. ఊళ్ళోవాళ్ళు ఆవిడ్ని ఏమంటారో అన్నదే నా భయం. ఢిల్లీశ్వరరావు నా మొహంలోకి చూశాడు.

"ఆ జీపు బాబు సూడకుండా రాసినాడు మేడమ్. మనం సూసి దాసేత్తే మనం ఆయన కంటే గొప్పోలమేటి?"

ఆయన గొంతు పెంచలేదు గాని నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. చట్టం, హక్కు అని ఊరూరా చెప్పే దాన్ని, జాలి వేసేసరికి ఒక మాట మింగేద్దామని చూశాను. మాలాంటి సంఘాలకి ఇదే పెద్ద ప్రమాదమని అప్పుడు తెలిసింది. ఎదుటివాడి కాగితంలో ఒకలా, మన కాగితంలో ఇంకొకలా చూడకూడదు.

చెప్పాలో వద్దో దాలమ్మే తేల్చుకోవాలన్నాడు ఆయన. ఆవిడ లేచి మాకు కవళ్ళ చేపల పులుసు వండింది.

బడి వరండా

నాలుగో రోజు ఉదయం బడి వరండాలో అరవై, డెబ్భైమంది పోగయ్యారు. బోరు అక్కడికి కనిపిస్తూనే ఉంది. కొత్త ఇంజనీరు కుర్రతనం పోని మనిషి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పరీక్ష కాగితం ఉంది, నేనేం చేసేది, పైకి ఏమని రాసేది అన్నాడు. జనంలోంచి మాటలు లేచాయి. లంచం తిని రాశారన్నారు ఒకరు. సీసా మార్చేశారన్నారు ఇంకొకరు. దాలమ్మ మరిది అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. అతనికీ ఆ జబ్బే. అన్నని పోగొట్టుకున్నాడు, వాస్తున్న తన కాళ్ళు తను చూసుకుంటున్నాడు.

దాలమ్మ లేచింది. పక్కనున్న నా చెయ్యి పట్టుకుని లేచింది గాని, లేచాక వదిలేసింది.

"లంచం ఎవులూ తినలేదు. ఆ నీల్లు నానిచ్చినాను. సుట్టాల బిందెలోవి."

అంతే. అంతకు మించి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా దాని అర్థం తెలుసు. మరిది వదిన మొహంలోకి ఒకసారి చూసి, రెండేళ్ళు వొదినా అన్నాడు. ఆ రెండు మాటలే అని, గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. మేం ఉన్నంతసేపూ తిరిగి రాలేదు.

వెనక వరసలోంచి ఒక ముసలావిడ, మా ఇంటి ముంగట ఆగుంటే నానూ ఆ బిందే వంచీదాన్ని అంది. ఆ పక్కావిడ నానూ అంతే అంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే అన్నారు, అందరూ కాదు. కొందరు దాలమ్మ వైపు చూడకుండా నేల చూస్తూ కూర్చున్నారు. క్షమించేశారని నేను రాయలేను, నేను చూసింది అది కాదు.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. నమూనా తీసే మనిషి తనే బోరు దగ్గరికి వెళ్ళి, కొంతసేపు కొట్టి వదిలి, తన చేత్తో పట్టుకోవాలి, రూలు అది, అలా చేయకుండా చేసినట్టు రాయడం తప్పే అన్నాడు. ఆ మాట రాసివ్వమన్నాను. తటపటాయించాడు. సభలో అన్నమాటే కదండీ, సభ తీర్మానంలో రాస్తే మీకు వచ్చే ఇబ్బందేముంది అని నేను కలం తీసి ఇచ్చాను. రాశాడు.

తర్వాత అందరం బోరు దగ్గరికి నడిచాం. ఆయనే హ్యాండిలు కొట్టాడు, చొక్కా తడిసిపోయింది. సీసా తనే పట్టి మూత బిగించాడు. చీటీ రాసి, సాక్షి వేలిముద్ర కోసం ఎవరైనా రండి అన్నాడు. దాలమ్మ ముందుకొచ్చింది. ఇంకు ప్యాడు మీద వేలు పెట్టబోయి ఆగింది.

"ముందు సదివి ఇనిపించు బాబూ. అప్పుడేత్తాను."

ఆయన మొదట్నుంచీ చదివాడు. ఆవిడ విని, బోరు వైపు చూసి, సీసా వైపు చూసి, అప్పుడు వేసింది. నేను ముప్పై ఏళ్ళు కోర్టులో ఉన్నాను. సాక్షి అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

తిరుగు ప్రయాణం

సాయంత్రం పాసింజరుకి దాలమ్మ పూండి దాకా వచ్చింది. ఆరు సంచుల జీడిపప్పు ఢిల్లీశ్వరరావు ముందే కొనిపెట్టాడు. ఒక పనసకాయ ఆవిడ తెచ్చింది, వద్దంటే వినదు. సిమెంటు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఇక్కడ మావారు పచ్చజెండా పట్టుకుని నిలబడేవారు అని చెప్పాను. ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాను. ఆవిడ తన మనిషి గురించి చెప్పింది. పనసచెట్టు ఎక్కితే దిగమన్నా దిగేవాడు కాదట. ఆ కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

రైలు కనబడ్డాక అడిగింది. నీళ్ళు బాగున్నాయని వస్తే ఊరికి గొట్టం రాదు. బాగోలేవని వస్తే ఆయన పోయేదాకా అవి తాగింది నా మూలంగానే. ఏది రావాలని దండం ఎట్టమంటావమ్మా అని. రైలెక్కాక, అది కదులుతుండగా కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఉన్నదే రావాలి దాలమ్మా అన్నాను. అది జవాబో కాదో నాకిప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చాక ఆరిళ్ళకీ పప్పు పంచాను. పలుకు చిన్నదని ఇద్దరు వంక పెట్టారు. నేను మాత్రం ఇక్కడ లేను. పొద్దున్నే నీళ్ళ మోటారు వేస్తే ఆ ఇసుకదారి గుర్తొస్తుంది. మావారి కోసం ఉండే బెంగలోకి ఆ ఊరి బెంగ కూడా వచ్చి చేరింది. ఏది ఎవరికోసమో విడదీయలేకుండా ఉన్నాను. ఇద్దరు మనుషులం ఒక బల్ల మీద కూర్చుని నవ్వుకున్న ఆ పావుగంట మళ్ళీ కావాలనిపిస్తుంది.

నలభై రోజులకి ఢిల్లీశ్వరరావు ఉత్తరం వచ్చింది. బోరు నీళ్ళు తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఊరు పథకంలోకి వెళ్ళింది, గొట్టాలు వేసేదాకా ట్యాంకరు వస్తోంది. మరిది ఇంకా వదినతో మాట్లాడటం లేదు. నకలు దాలమ్మ పేరున వచ్చిందని ఇవ్వడానికి ఈయన ఊరికి వెళితే, వీధిలో చదవనివ్వలేదట. ఇంట్లోకి పిలిచి, భర్త ఫొటో ముందు చాప వేసి, ఆయనకి వినపడేలా చదవమందట. ఈయన అంకెలతో సహా అంతా చదివాడు. అయిపోయాక, నీళ్ళు తీసిన చోటు దగ్గర ఇంకోసారి చదవమందట. బడి పక్కన ఊరి బోరు, అని ఈయన చదివాడు.

"ఇన్నావా, ఈసారి నిజం సెప్పినాను," అందట ఫొటోతో.